గెలుపు ఖాయమయ్యాక మిగిలే రెండు వందల టర్నులు

సివిలైజేషన్ లాంటి, టర్నుల (వంతుల) వారీగా సామ్రాజ్యాన్ని పెంచే కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళ సేవ్ ఫోల్డర్ (ఆడిన ఆటలు దాచుకునే చోటు) తెరిస్తే కథంతా అక్కడే కనిపిస్తుంది. 30వ టర్ను దగ్గర ఆగినవి కొన్ని, 180, 220 దగ్గర ఆగినవి బోలెడు, చివరిదాకా వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మొదటి రకాన్ని పట్టించుకోనక్కర్లేదు. మొదలుపెట్టిన చోటు నచ్చక వదిలేసినవి అవి. చిక్కంతా రెండో రకంతోనే. వాటిలో చాలావరకు ఆటగాడు ఓడిపోవడం లేదు, గెలుస్తున్నాడు. గెలుస్తూ గెలుస్తూనే విసుగొచ్చి మానేశాడు.

ఇది తయారుచేసేవాళ్ళకు తెలియనిదేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సివిలైజేషన్ 7ను మూడు యుగాలుగా ఎందుకు విడగొట్టారో చెబుతూ, చాలామంది ఆటను ముగించకుండానే వదిలేస్తున్నారని దాన్ని తయారుచేసిన ఫిరాక్సిస్ సంస్థ స్వయంగా ఒప్పుకుంది. 1991లో మొదటి సివిలైజేషన్ వచ్చినప్పటినుంచీ ఉన్న చిక్కే ఇది. క్రీ.పూ. 4000లో ఒక్క ఊరితో మొదలుపెట్టి అంతరిక్ష నౌక దాకా లాక్కెళ్ళే ఆటలో మధ్యలో ఎక్కడో దారం తెగుతుంది.

‘లేట్ గేమ్ (ఆట చివరి భాగం) బోర్ కొడుతోంది’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉన్నాయి. ఫలితం ముందే తెలిసిపోవడం ఒకటి. నిర్ణయాలు పెరుగుతూ ఒక్కో నిర్ణయం బరువు తగ్గిపోవడం రెండోది. ఎదురుచూడ్డానికి ఏమీ మిగలకపోవడం మూడోది. మూడూ ఆట సగం దాటాకే బయటపడతాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. కానీ ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని ముదరబెడుతుంది. శత్రువులను బలంగా చేశారనుకోండి, ఎవరు గెలుస్తారన్న అనుమానం తిరిగొస్తుంది. అదే దెబ్బకు కదపాల్సిన సైన్యాలూ రెట్టింపై చాకిరీ పెరుగుతుంది. అందుకే ముందు ఏది ఏదో విడదీసుకోవాలి.

ఒక్క శాతం తేడా

ఫలితం ముందే తెలిసిపోవడానికి కారణం చక్రవడ్డీ. ఆడేవాళ్ళు దీన్ని స్నోబాల్ అంటారు. టర్నుకి 3 శాతం ఎదిగే రాజ్యం ఒకటి, 2 శాతం ఎదిగే రాజ్యం ఒకటి పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. రెండూ 100 దగ్గర మొదలయ్యాయి. 50వ టర్నుకి మొదటిది 438, రెండోది 269. తేడా ఉంది గానీ ఒక మంచి యుద్ధంతో తిరగబడగల తేడా. 100వ టర్నుకి 1,922, 724. 200వ టర్నుకి 36,936, 5,248. అంటే ఏడు రెట్లు. ఇదంతా ఎవరూ ఎవరి జోలికీ వెళ్ళకుండానే. పెద్దది చిన్నదాని ఊళ్ళు లాక్కోవడం మొదలుపెడితే వంద టర్నులు కూడా పట్టదు.

సివిలైజేషన్ 6లో స్టాండర్డ్ వేగం అంటే 500 టర్నులు. ఆన్‌లైన్ వేగం 250, మారథాన్ అయితే 1500. కాస్త చెయ్యి తిరిగిన ఆటగాడికి 150 నుంచి 200 టర్నుల మధ్యలోనే సంగతి అర్థమైపోతుంది. చదరంగంలో ఓటమి ఖాయమని తెలిసినవాడు రాజును పడుకోబెట్టి లేచిపోతాడు. ఇక్కడ ఏఐ, అంటే కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి, లేవదు. సైనిక విజయం కావాలంటే ప్రతి ప్రత్యర్థి అసలు రాజధాని దాకా మీరు నడిచి వెళ్ళాల్సిందే. సైన్స్ విజయం ఇంకా చిత్రం. గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలో (ఆటకు అదనంగా వచ్చిన భాగం) చివరి నౌకను ప్రయోగించాక అది 50 కాంతి సంవత్సరాలు వెళ్ళాలి, టర్నుకి ఒక్కటి చొప్పున. లేజర్ స్టేషన్లు కట్టి వేగం పెంచుకోవచ్చు, నిజమే. కానీ అప్పటికే ఎవరూ అడ్డుపడలేని స్థితిలో ఉన్నవాడికి అది బస్సు కోసం నిలబడ్డట్టే ఉంటుంది.

కాబట్టి కొలవాల్సింది ఆట ఎన్ని గంటలన్నది కాదు. ఫలితం తెలిసిపోయిన టర్నుకీ ఆట ముగిసే టర్నుకీ మధ్య ఎంత దూరం ఉందన్నది. 80 గంటల ఆటలో ఆ దూరం రెండు గంటలైతే ఎవరూ ఫిర్యాదు చేయరు. 12 గంటల ఆటలో అయిదు గంటలైతే వదిలేస్తారు.

బ్రేకులు, వాటి పక్కదారులు

అందరికీ ముందుగా తట్టే ఆలోచన ఎదుగుదలకు బ్రేకు వేయడం. 2005 నాటి సివిలైజేషన్ 4లో ఊళ్ళ సంఖ్య, రాజధాని నుంచి దూరం పెరిగేకొద్దీ నిర్వహణ ఖర్చు పెరిగేది. సివిలైజేషన్ 5 బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణలో మామూలు సైజు మ్యాపుల మీద ప్రతి కొత్త ఊరికీ టెక్నాలజీల ఖరీదు 5 శాతం పెరిగేది, పైగా దేశమంతటికీ కలిపి ఒకే సంతోషం లెక్క. బ్రేకు పనిచేసింది, మరీ ఎక్కువ పనిచేసింది. నాలుగే ఊళ్ళు కట్టుకుని కదలకుండా కూర్చోవడం అందరికీ అలవాటైన పద్ధతైపోయింది. ఎదగడాన్నే తప్పుగా చూసే ఆటలో తెలివైనవాడు ఎదగడు. ఆట చప్పబడుతుంది, అదీ లేట్ గేమ్ దాకా ఆగకుండా మొదటి వంద టర్నుల్లోనే.

యూరోపా యూనివర్సాలిస్ 4 బ్రేకు ఇంతకంటే తెలివైనది. 1444 నవంబర్ 11న మొదలై 1821 దాకా నడిచే ఆట ఇది. మీరు ఒక రాష్ట్రాన్ని లాక్కుంటే చుట్టుపక్కల దేశాల మనసులో మీ దూకుడు ఒక అంకెగా నమోదవుతుంది. అది 50 దాటి, వాళ్ళకు మీ మీద సదభిప్రాయం కూడా లేకపోతే, అంతా కలిసి కూటమి కట్టవచ్చు. మామూలుగా ఆ అంకె ఏడాదికి 2 చొప్పున తగ్గుతుంది. అంటే 60కి తెచ్చుకున్నవాడు అయిదేళ్ళు ఆగాలి. ఈ బ్రేకులో మెచ్చుకోవాల్సిందేమిటంటే ఇది ‘ఎదగొద్దు’ అనదు. ‘ఈ దిక్కున ఇప్పుడొద్దు’ అంటుంది. పడమట అందరూ మండిపడుతుంటే తూర్పున వేరే మతం వాళ్ళ మీదికి వెళ్ళవచ్చు, సముద్రం దాటి వలసలు పెట్టుకోవచ్చు. దిక్కు మార్చుకుంటూ ఎదగడమే ఇక్కడి ఆట.

పొరపాటు వేరేచోట జరిగింది. ఆట రెండో సగంలో, అబ్సొల్యూటిజం (రాజుల నిరంకుశత్వం) యుగం వచ్చాక, రాజు పట్టు బిగిసేకొద్దీ గెలిచిన భూమిని జీర్ణించుకోవడం చౌకవుతుంది. చరిత్ర పరంగా సమంజసమే. ఆట పరంగా మాత్రం, బలవంతుడు మరింత బలపడుతున్న సమయంలోనే బ్రేకు వదులు చేశారన్నమాట. ప్రపంచమంతా జయించాలనుకునే కొద్దిమందికి అది పండగ. మిగతావాళ్ళు సరిగ్గా అక్కడే మూసేస్తారు.

ఇక అందరూ ఏకమై మీద పడే పద్ధతి. దీనికి పేరుమోసిన ఉదాహరణ 2011లో వచ్చిన టోటల్ వార్: షోగన్ 2లోని రెల్మ్ డివైడ్, అంటే రాజ్యం విరుపు. మీ వంశం కీర్తి ఒక స్థాయి దాటినా, రాజధాని క్యోటో మీ చేతికొచ్చినా, జపాన్ సైనిక పాలకుడైన షోగన్ మిమ్మల్ని దేశద్రోహిగా ప్రకటిస్తాడు. అప్పటినుంచి ప్రతి టర్నూ అందరితో సంబంధాలు దిగజారుతూ పోతాయి. ఇరవై ఏళ్ళ మిత్రుడు కూడా కత్తి తీస్తాడు. కాయలున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలన్నట్టు, గెలిచినవాడికే శిక్ష. మొదటిసారి ఆడినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. రెండోసారి ఏం జరుగుతుందో చూడండి. ఆటగాడు గీతకు ఒక్క ఊరు ఇవతల ఆగిపోతాడు. పదిహేను ఇరవై టర్నులు ఊరికే టర్ను ముగించు నొక్కుతూ డబ్బు కూడబెడతాడు, నాలుగైదు పూర్తి సైన్యాలు తయారు చేస్తాడు, వ్యాపార ఒప్పందాలన్నీ తెగిపోయినా ఖజానా నిలబడేలా చూసుకుంటాడు. ఆ తర్వాతే గీత దాటుతాడు. విసుగును తొలగించాలని పెట్టిన ఏర్పాటు, తనకు ముందే ఇరవై టర్నుల విసుగును పుట్టించింది. పైగా ఎలాగూ అందరూ తిరగబడతారని తెలిశాక పొత్తులకు అర్థం లేదు. ఆట సగంలో రావాల్సిన విరుపు మొదటి టర్నులోని దౌత్యాన్ని కూడా చంపేసింది.

షోగన్ 2 తయారుచేసిన సంస్థే మరుసటి ఏడాది ఫాల్ ఆఫ్ ది సమురాయ్‌లో దీన్ని సరిదిద్దింది. విరుపు వచ్చే ముందు మీరు షోగన్ పక్షమో, చక్రవర్తి పక్షమో తేల్చుకోవాలి. లేదా రెండూ కాదని సొంత గణతంత్రం ప్రకటించుకోవచ్చు. మీ పక్షం వాళ్ళు మీతోనే ఉంటారు. ఒత్తిడి దాదాపు అంతే, కానీ ఇప్పుడది శిక్ష కాదు, ప్రశ్న. ఈ వ్యాసంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పదగ్గ మాట ఇదే: గెలుస్తున్నవాడి కాళ్ళకు బండ కట్టినంత మాత్రాన ఆసక్తి రాదు, వాడి ముందున్న ప్రశ్న మారితేనే వస్తుంది.

రాజు చనిపోతే

ప్రశ్న మార్చడంలో, మధ్యయుగపు రాజవంశాన్ని తరతరాలుగా నడిపించే ఆట క్రూసేడర్ కింగ్స్‌ను మించింది లేదు. 2020లో వచ్చిన మూడో భాగాన్ని 867లో మొదలుపెడితే 1453 దాకా 586 ఏళ్ళు. ఒక్కో పాలన సగటున పాతికేళ్ళనుకుంటే ఇరవై మూడు మంది పాలకులు. అంటే మధ్యలో ఇరవై రెండు సార్లు ఆట తనంతట తానే పాక్షికంగా మొదటికొస్తుంది.

దగ్గరగా చూద్దాం. మీ రాజుకు రెండు రాజ్యాలు, ముగ్గురు కొడుకులు. అప్పటికి అమల్లో ఉన్నది పంపకాల చట్టం. రాజు కన్ను మూసిన రోజున ప్రధాన బిరుదుతో పాటు రాజధాని పెద్దవాడికి వస్తుంది, మీరిక ఆ పెద్దవాడు. రెండో రాజ్యం రెండోవాడికి పోతుంది. అది మీతో సమాన హోదా కాబట్టి వాడు మీకు సామంతుడు కాడు, స్వతంత్రుడు. మూడోవాడికి కొన్ని జిల్లాలు. కొత్త రాజు గద్దె మీద నిలదొక్కుకోలేదని సామంతుల్లో చులకన, తండ్రి మీద ఉన్న భయం కొడుకు మీద లేదు, రాజాధికారం తగ్గించమని ఒక ముఠా అప్పుడే పుట్టింది. నిన్నటిదాకా పొరుగు సామ్రాజ్యంతో ఢీకొన్నవాడు ఇవాళ తమ్ముడితో తగాదా పడుతున్నాడు.

ఇంత నష్టం జరిగినా జనం పాత సేవ్‌కి ఎందుకు వెనక్కి పోరు? మామూలుగా పోతారు. వ్యూహాత్మక ఆటల్లో నష్టాన్ని పెట్టడం కష్టం కావడానికి మొదటి కారణం అదే. ‘మీ సామ్రాజ్యంలో మూడో వంతు కూలిపోయింది’ అని తెర మీద పడగానే లోడ్ బటన్ వెతుకుతారు. వారసత్వ నష్టం దీన్ని తట్టుకోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. ఎవరికెంత పోతుందో ఏళ్ళ ముందే తెర మీద కనిపిస్తుంది, చాటుమాటుగా జరిగేది కాదు. తప్పించుకోవడానికి దారులున్నాయి: చట్టం మార్చడం, వంశ ప్రతిష్ఠ ఖర్చు చేసి వారసత్వం నుంచి తొలగించడం, ఒక కొడుకును సన్యాసంలో చేర్చడం, ఇంకా ముదిరితే హత్య. ప్రతిదానికీ ఏదో ఒక ధర. ఇక మూడోది, పోయింది శూన్యంలోకి పోలేదు. తమ్ముడి దగ్గరుంది, దానిమీద మీకు హక్కూ ఉంది. నష్టమే తర్వాతి లక్ష్యమైంది. ఈ మూడింటిలో ఏది లోపించినా అదే సంఘటన అన్యాయంగా అనిపిస్తుంది. ముందస్తు సూచన లేకుండా, నివారణ లేకుండా, తిరిగి రాబట్టుకునే దారి లేకుండా ఊడిపడే తుపానులు, తిరుగుబాట్లు చాలా ఆటల్లో విసుగు తప్ప మరేమీ పుట్టించవు.

సివిలైజేషన్ 7 యుగాలను ఈ కొలతతోనే చూడాలి. ప్రాచీన, అన్వేషణ, ఆధునిక యుగాలు మూడు. మొదటి రెండు యుగాల ముగింపు దగ్గరపడేకొద్దీ సంక్షోభం మొదలవుతుంది. విడుదలైనప్పటి రూపంలో, యుగం మారగానే నాయకుడు అలాగే ఉండి నాగరికత మారేది, రాజధాని తప్ప చాలా నగరాలు మళ్ళీ పట్టణాల హోదాకు దిగేవి, పాత భవనాల లాభాలు తగ్గేవి. చక్రవడ్డీని మధ్యలో తెంచడానికి ఇది నిజంగానే బలమైన కత్తెర. కానీ గడియారం అందరికీ కనిపిస్తుంది. యుగం ఇంకో పది టర్నుల్లో ముగుస్తుందని తెలిసినవాడు ఎలాగూ విలువ తగ్గే భవనం ఎందుకు కడతాడు? మధ్యలో ఉన్న ముట్టడి యుగం మారగానే చప్పున ఆగిపోతే ఆ యుద్ధం ఎందుకు చేసినట్టు? ఫలితంగా ఒక పెద్ద విసుగు పోయి, ప్రతి యుగం చివరా ఒక చిన్న విసుగు వచ్చింది. తర్వాతి అప్‌డేట్లలో యుగం మారినా యూనిట్లు (సైనిక దళాల వంటివి) ఎక్కువగా నిలిచిపోయే ఎంపికను చేర్చి కొంత తగ్గించారు. అంతకుముందే, 2021లో, ఆంప్లిట్యూడ్ స్టూడియో వాళ్ళ హ్యూమన్‌కైండ్ ఏడు యుగ నక్షత్రాలు (ఆటలో సాధించినవాటికి దక్కే గుర్తులు) సంపాదించాక సంస్కృతి మార్చుకునే పద్ధతి పెట్టింది. అక్కడ గడియారం మీ చేతిలో ఉంటుంది, ఎప్పుడు మారాలో మీరే నిర్ణయిస్తారు. అయితే ఆరుసార్లు పేరూ రూపూ మారిన సామ్రాజ్యం ఎవరిదో చివరికి గుర్తుండదు. ఎదుటివాడి మీద పగ పెంచుకుందామంటే వాడి జెండా మారిపోయి ఉంటుంది. సుదీర్ఘమైన ఆటలో గుర్తింపు కూడా మనిషిని పట్టి ఉంచే తాడేనని, దాన్ని తెంచాకే చాలామందికి తెలిసింది.

క్లిక్కుల లెక్క

రెండో జబ్బు వేరు. 10వ టర్నులో మీకు ఒక ఊరు, ఇద్దరు యోధులు. వాళ్ళలో ఒకణ్ణి ఏ అడవిలోకి పంపాలన్నది సగం సైన్యం మీద నిర్ణయం. 250వ టర్నులో పదిహేను ఊళ్ళు, ఇరవై యూనిట్లు, ఎనిమిది వ్యాపార మార్గాలు. ఒక్కో ఊరూ సగటున అయిదు టర్నులకోసారి కొత్తగా ఏం కట్టాలని అడిగినా టర్నుకి మూడు ప్రశ్నలు. యుద్ధం ఉంటే ఇరవై కదలికలు. వ్యాపారి ప్రయాణం ముగిసిన ప్రతిసారీ మళ్ళీ చేత్తో పంపాలి. అర నిమిషం పట్టిన టర్ను ఇప్పుడు అయిదారు నిమిషాలు. పన్నెండో ఊళ్ళో ధాన్యాగారం ముందా, గ్రంథాలయం ముందా అన్నది ఆటను వెంట్రుక వాసి కూడా కదపదు. పని పదింతలు, ఫలితం పదో వంతు.

దీనికి ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా శుభ్రంగా అనిపించేది ఓల్డ్ వరల్డ్ ఆటలోని ఆదేశాల పద్ధతి. సివిలైజేషన్ 4కు ప్రధాన రూపకర్త అయిన సోరెన్ జాన్సన్ దీన్ని తయారుచేశాడు. ఇక్కడ ప్రతి యూనిట్‌కీ టర్నుకో కదలిక అనే హక్కు లేదు. రాజ్యం మొత్తానికి కలిపి టర్నుకి కొన్ని ఆదేశాలు ఉంటాయి, అంతే. వాటిని ఒకే దళాన్ని అలసిపోయేదాకా నడిపించడానికి వాడతారో, నలుగురు కూలీలకు పంచుతారో మీ ఇష్టం. మిగిలినవి డబ్బుగా మారతాయి. రాజ్యం రెండింతలైనా క్లిక్కులు రెండింతలు కావు, ఏది వదిలేయాలన్న ప్రశ్న మాత్రం పదునెక్కుతుంది. పైగా తప్పు నొక్కితే వెనక్కి తీసుకునే బటన్ ఉంది.

ఇంకో దారి అప్పగింత. చాలా ఆటల్లో ఇది ‘ఆటోమేట్’ అన్న ఒక బటన్‌గా మిగిలిపోతుంది, దాన్నెవరూ నమ్మరు. కారణం మామూలే. ఏఐ గవర్నరు ఏం చేశాడో చెప్పడు, ఎందుకు చేశాడో చెప్పడు, కొండ పక్కన ఉంచాల్సిన స్థలంలో ఇంకేదో కట్టేస్తాడు. ఒక్కసారి అలా జరిగితే ఆటగాడు మళ్ళీ జన్మలో ఆ బటన్ ముట్టుకోడు. అప్పగింత నిలబడాలంటే ఆటగాడు పని చెప్పకూడదు, విధానం చెప్పాలి: ‘ఈ ఊరు సైన్యం కోసం, ఈ ఊరు చదువు కోసం’ అన్నంత మోటుగా. గవర్నరు చేసిన తప్పు కనిపించాలి, కానీ కోలుకోలేనంత పెద్దది కాకూడదు. విక్టోరియా 3లో 2023లో ఒక అప్‌డేట్ తర్వాత ప్రైవేటు పెట్టుబడిదారులు తమంతట తామే కర్మాగారాలు కట్టడం మొదలైంది. 1836 నుంచి 1936 దాకా వందేళ్ళు ప్రతి నూలు మిల్లునూ చేత్తో క్యూలో పెట్టిన చాకిరీ దానితో చాలావరకు తప్పింది. వాళ్ళు మీకు నచ్చనివి కడతారు కూడా. అప్పుడు మీరు భవనంతో కాదు, పన్నులతో, చట్టాలతో జవాబు చెబుతారు. ఆటగాణ్ణి ఒక మెట్టు పైకెక్కించడం అంటే ఇది. క్రూసేడర్ కింగ్స్‌లోనైతే మీరు స్వయంగా ఉంచుకోదగ్గ జిల్లాలకు పరిమితి ఉంది. మించితే ఆదాయం పడిపోతుంది, కాబట్టి సామంతులకు ఇవ్వాల్సిందే. ఇచ్చిన సామంతుడే రేపటి కుట్రదారు. పనిభారం తగ్గించిన ఏర్పాటే కొత్త చిక్కును కూడా సృష్టిస్తుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ఎదురుచూపు ఎప్పుడు తెగుతుంది

‘ఇంకొక్క టర్ను’ అంటూ తెల్లారేదాకా కూర్చోబెట్టే గుణం ఎక్కడినుంచి వస్తుందో 30వ టర్ను దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. టెక్నాలజీకి నాలుగు టర్నులు. వలసదారు తయారవడానికి రెండు. అన్వేషకుడు మంచు అంచుకి చేరడానికి మూడు. అద్భుత కట్టడానికి తొమ్మిది. ఏదీ దేనితోనూ కలిసి ముగియదు. ఒకటి చేతికందేసరికి ఇంకొకటి ఒక్క టర్ను దూరంలో ఉంటుంది. ఆపడానికి సరైన చోటే దొరకదు. రెండో ప్రపంచ యుద్ధపు ఆట హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 విడుదలైనప్పుడు, దేశం ఒక్కొక్కటిగా చేపట్టే లక్ష్యాలైన జాతీయ ఫోకస్‌లలో ఎక్కువ వాటికి 70 రోజుల చొప్పున పెట్టడం వెనకా ఇదే కిటుకు.

ఆట ముదిరాక ఈ గడియారాలన్నీ ఒకేసారి చెడిపోతాయి. ఉత్పత్తి పెరిగి ఏదైనా ఒకటి రెండు టర్నుల్లో తయారవుతుంది. టెక్నాలజీ రెండు టర్నులకోటి వచ్చిపడుతుంది, వచ్చినదాన్ని వాడే లోపే తర్వాతిది. మ్యాపంతా వెలుగులో ఉంది, కనుక్కోవడానికి ఏమీ లేదు. అందుకే చివరి దశ ఖరీదులను ఎదిగిన ఉత్పత్తికి తగ్గట్టు పెంచి, ఎనిమిది పది టర్నులు పట్టే పెద్ద పనులు కొన్నయినా ఎప్పుడూ నడుస్తుండేలా చూడాలి. ఒక ఊరు కాదు, అయిదారు ఊళ్ళు కలిసి చేయాల్సిన పనులైతే మరీ మంచిది. కొందరు డిజైనర్లు దీనికి విరుద్ధంగా, చివర్లో ‘వేగం పెరగాలి’ అని ఖరీదులు తగ్గిస్తారు. వేగం పెరగదు, వేచిచూసే రుచి పోతుంది.

యూరోపా యూనివర్సాలిస్ 4లో 2018 నాటి అప్‌డేట్ తెచ్చిన మిషన్ చెట్లు, అంటే కొమ్మలుగా సాగే లక్ష్యాల జాబితాలు, మధ్య దశకు గొప్ప గడియారాలు. ఇది పట్టుకో, అది కట్టు, ప్రతిఫలం తీసుకో. చిక్కల్లా, చురుకైన ఆటగాడు 1600 దాటగానే చెట్టంతా దులిపేస్తాడు. మిగిలిన రెండు వందల ఏళ్ళకూ చేయాల్సినదేమీ ఉండదు. పైగా రెండోసారి అదే దేశంతో ఆడితే అదే జాబితా. ఓల్డ్ వరల్డ్‌లో లక్ష్యాలు ఆట నడుస్తుండగా రెండు మూడు ప్రతిపాదనలుగా వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి, తర్వాతిది మరింత కష్టం, పది పూర్తయితే గెలుపు. జాబితా కంటే ఇది మేలు, ఎందుకంటే ఎంపిక అప్పటి పరిస్థితిని బట్టి మారుతుంది.

ముందే ముగించండి

అందరూ మరిచిపోయే మందు ఇది, అన్నిటికన్నా చౌకైనది కూడా. గెలుపు ఖాయమైతే ఆట ఆపేయొచ్చు. ఓల్డ్ వరల్డ్‌లో రెండో స్థానం వాడికి రెట్టింపు పాయింట్లు దాటితే అక్కడితో విజయం ప్రకటించే నియమం ఉంది. టోటల్ వార్ ఆటలు చిన్న క్యాంపెయిన్, పెద్ద క్యాంపెయిన్ అని మొదట్లోనే అడుగుతూ వచ్చాయి. చిన్నది ఎంచుకోవడం నామోషీ అనుకునేవాళ్ళే ఎక్కువ గానీ, అది పూర్తయ్యే అవకాశం ఎక్కువ. ఆట ముగిశాక సరదాకి కొనసాగించే వీలు ఎలాగూ ఇవ్వవచ్చు. సివిలైజేషన్ ఎప్పటినుంచో ఇస్తోంది.

లేదంటే ఆటను తలకిందులు చేయొచ్చు. టోటల్ వార్: అట్టిలాలో పశ్చిమ రోమన్ సామ్రాజ్యాన్ని తీసుకుంటే 395లో మ్యాపులో పెద్ద ముక్క మీదే. ఖజానా ఖాళీ, సరిహద్దులన్నిటా గుంపులు, లోపల తిరుగుబాట్లు. ఏ ఊరిని వదిలేసి ఏది కాపాడుకోవాలన్నదే మొదటి యాభై టర్నులూ. స్నోబాల్ ఇక్కడ మీ మీదికి దొర్లుతుంది. బాగా ఆడేకొద్దీ పని తగ్గుతుంది, ఇది ఈ జాతి ఆటల్లో అరుదు.

సొంతంగా ఆట కట్టేవాళ్ళకు

అయిదారుగురితో ఆడించి చూసేటప్పుడు ‘బాగుందా’ అని అడగొద్దు, మర్యాదకి బాగుందంటారు. ప్రతి 25 టర్నులకూ ఆపి ‘ఎవరు గెలుస్తారు, ఎంత ఖాయంగా చెబుతావు’ అని అడిగి రాసుకోండి. ఎక్కువమంది సరిగ్గా చెప్పడం మొదలైన టర్నే మీ ఆట అసలు ముగింపు. దానితోపాటు ఆటే నాలుగు అంకెలు నమోదు చేయాలి: టర్నుకి పట్టిన సెకన్లు, నొక్కిన క్లిక్కులు, అందులో ఏమీ ఎంచుకోకుండా ఊరికే టర్ను ముగించిన సందర్భాలు, ఆట మూసేసినప్పుడు మొదటి ఇద్దరి మధ్య బలాల నిష్పత్తి. నిష్పత్తి పెద్దదిగా ఉన్నప్పుడు మూసేస్తుంటే మొదటి జబ్బు. నిష్పత్తి మామూలుగా ఉండి టర్ను సమయం పెరిగాక మూసేస్తుంటే రెండోది. ఖాళీ టర్నుల వరుస తర్వాత మూసేస్తుంటే మూడోది. అంకెలు చూడకుండా ఏఐని బలపరిచే పని మాత్రం మొదలుపెట్టకండి. నెలలు తినేస్తుంది, మూడింట్లో ఒక్కదానికే పనికొస్తుంది.

మరమ్మతు వరుస కూడా ముఖ్యమే. ముందు తీసేయగలిగినది తీసేయాలి, ముగింపు ముందుకు జరపాలి. తర్వాత క్లిక్కులు కలపాలి: పదిహేను ఊళ్ళకు ఒకేసారి వర్తించే నిర్మాణ నమూనా, ఒకే రకం సూచనలన్నీ ఒక్క పెట్టెలో. ఆ పైనే కొత్త ప్రశ్నలు చేర్చాలి. సంక్షోభాలు, కూటములు అన్నిటికన్నా ఆఖరున.

ఇంకొకటుంది, కొలతలకు అందనిది. ఇరవై గంటల ఆటను ఎవరూ ఒక్క కూర్చోవడంలో ఆడరు. ఎనిమిది రోజుల తర్వాత సేవ్ తెరిచినవాడికి ఆ ఆరు ఓడలు ఆ రేవులో ఎందుకున్నాయో గుర్తుండదు. యుద్ధానికా, కాపలాకా? రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, కొత్త ఆట మొదలుపెడతాడు. విసుగుతో వదిలినట్టు లెక్కలోకి వచ్చే ఆటల్లో కొన్ని నిజానికి మరుపుతో వదిలినవి. సివిలైజేషన్ 6లో మ్యాపు మీద గుర్తులు పెట్టుకునే పిన్నులు, క్రూసేడర్ కింగ్స్ 3లో ‘ప్రస్తుత పరిస్థితి’ పెట్టె కొంత ఆదుకుంటాయి. ఇంకా సులువైనది ఒకటి చేయొచ్చు: ఆట మూసేటప్పుడు ‘తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు’ అని ఒక్క గీత అడిగి, తెరిచినప్పుడు గత పది టర్నుల ముఖ్య సంఘటనలతో పాటు ఆ గీతనే మొదట చూపించడం. రేవు పక్కన ‘వసంతంలో ద్వీపం మీద దాడి’ అని ఉంటే చాలు, ఆ ఆరు ఓడలు మళ్ళీ కదులుతాయి.